క్రేన్ ఆపమన్న గొంతు

దయ్యాలంటే నాకు నవ్వు. ఇప్పటికీ నమ్మను. కానీ ఆటోనగర్‌లోని మా ఫౌండ్రీలో పట్టపగలు జరిగిన ఈ సంగతి మాత్రం నాలుగేళ్లుగా నన్ను వదలడం లేదు.

నేను క్రేన్ ఆపరేటర్ని. మా దగ్గర వరుసగా రెండు షిఫ్టులు చేయడాన్ని డబుల్ కొట్టడం అంటారు. డబుల్ కొట్టి కూడా హుషారుగా తిరిగేవాడే మొనగాడని మా పిచ్చి. ఆ పిచ్చి నాకు మరీ ఎక్కువ.

ఆ రోజు నా నైట్ షిఫ్టు ఉదయం ఆరుకి అయిపోయింది. నా తర్వాత క్రేన్ ఎక్కాల్సిన అప్పలనాయుడు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లో పసిబిడ్డ ఏడుపుతో అతనికి మూడు రాత్రులుగా నిద్ర లేదు.

"బావా, కళ్లు మూసుకుపోతన్నాయి. నానివాళ క్రేనెక్కితే ఎవుడో ఒకడు సచ్చిపోతాడు."

"నువ్వెల్లి పడుకో. నానున్నాను కదేటి," అన్నాను. నేనూ రాత్రంతా మేలుకున్నవాణ్ణేనని అతనికి తట్టలేదు. నేనూ చెప్పలేదు.

మొహం కడుక్కుని, రెండు టీలు తాగి మళ్లీ పైకెక్కాను. పదకొండు గంటలప్పుడు కరిగిన ఇనుము నిండిన లేడిల్‌ని, అంటే గొలుసులకు వేలాడే పెద్ద ఉక్కు బానని, నడిపిస్తున్నాను. మాది పాత క్రేన్. లివర్ వదిలేసినా ఆగదు, పోతూనే ఉంటుంది. అంతవరకే గుర్తుంది.

"బావా, ఆపు! కింద రహీం భాయ్!"

చెవి పక్కనే అరిచినట్టు వినిపించింది. నాయుడి గొంతే. కళ్లు తెరిచేలోపే నా చెయ్యి లివర్‌ని లాగేసింది. లేడిల్ ఊగి ఆగింది. దానికి రెండు బారల దూరంలో, అటు తిరిగి వంగి, మా అచ్చుల మేస్త్రీ రహీం భాయ్ ఇసుక అచ్చు సరిచేస్తున్నాడు. గొలుసుల చప్పుడుకి తిరిగి చూసి అలాగే కూలబడ్డాడు.

క్యాబిన్‌లో నేను తప్ప ఎవరూ లేరు. మా ఫోన్లు కూడా కింద లాకర్లలోనే ఉంటాయి.

డ్యూటీ దిగి నేరుగా నాయుడి ఇంటికి వెళ్లాను. అతనింకా నిద్రలోనే ఉన్నాడు. నేను నోరు తెరవకముందే అతని భార్య అడిగింది.

"అన్నయ్యా, పన్లో ఏటైనా అయ్యిందేటి? పదకొండుకి ఈయన నిద్దట్లో లెగిసి కూకుని, 'కింద రహీం భాయ్' అని అరిసీసినారు. మల్లీ పడుకుండిపోయినారు."

లేచాక నాయుడికి ఏమీ గుర్తు లేదు. పని మీది కలవరింతే అనుకుందాం. మరి అది నాకెలా వినిపించింది?

ఆ తర్వాత నేను డబుల్ కొట్టలేదు. రహీం భాయ్ మాత్రం ప్రతి రంజాన్‌కీ మా ఇంటికి సేమ్యా తెస్తాడు. "నువ్వు సూసి ఆపబట్టే నానున్నాను," అని మా పిల్లల ముందే నా చేతులు పట్టుకుంటాడు.

నేను చూడలేదని ఆయనకు ఇంకా చెప్పలేకపోతున్నాను.