విమానం వచ్చింది

ఇది చెప్పకుండానే చచ్చిపోతానని అనుకున్నాను. ముప్పై ఏళ్లు దాటింది ఒక అబద్ధాన్ని మోస్తూ. మోస్తూ అనడం కూడా గొప్పగా ఉంది. బరువు మోసేవాణ్ణి చూసి నలుగురూ జాలిపడతారు. నా మీద కూడా పడ్డారు. నాకు దక్కకూడని జాలి అది.

నాకు మెత్తగా చెప్పడం రాదు. అక్షరాలు కూడా యాభై దాటాకే వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మీరు చదివి ఊరుకోండి, చాలు.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. తాతల కాలంలోనే మిషను గుడిలో చేరినవాళ్లం. నా భార్య సుగుణ ఇళ్లల్లో వంట పనికి కువైట్ పోయింది. మా వైపు అప్పట్లో ఆడవాళ్లే ఎక్కువగా పోయేవాళ్లు. మగవాళ్లం ఇక్కడ బిడ్డల్ని చూసుకునేవాళ్లం. చూసుకుంటున్నామని చెప్పుకునేవాళ్లం. మా బిడ్డ రూతుకు అప్పుడు ఐదేళ్లు.

ఆ రోజులు తలుచుకుంటే ముందు వాసనే గుర్తొస్తుంది. సుగుణ పంపిన పెట్టె తెరిస్తే సబ్బు, సెంటు, కొత్త దుప్పటి, అన్నీ కలిసిన వాసన. సాయంత్రం అరుగు మీద టేపురికార్డరు పెడితే వీధంతా వచ్చి కూర్చునేది. రూతు మధ్యలో గంతులేసేది. అంతకుముందు నేను నాపరాయి గనుల్లో బండలు ఎత్తే కూలీని. నన్ను ఒరే అని పిలిచిన పెద్ద రైతులే "ఏమప్పా కువైటాయనా" అని పలకరించడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు నచ్చింది. ఎంత నచ్చిందో రాయాలంటే సిగ్గేస్తోంది. కానీ నా బతుకులో మంచి సాయంత్రాలు ఏవంటే ఇప్పటికీ అవే కళ్ల ముందు కదులుతాయి. అదీ నిజమే, ఏం చేయను?

తర్వాత ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని రేడియోలో చెప్పారు. ఎవరి చమురు కోసం ఎవరు కొట్టుకున్నారో మాకు తెలియదు. జమ్మలమడుగు బస్టాండులో మాత్రం ఆడవాళ్లు కూలబడి ఏడ్చారు. పెద్ద దేశాలు యుద్ధ ఓడలు పంపుతున్నాయన్నారు. మనవాళ్ల కోసం మన సర్కారు విమానాలు పంపుతుందని ఒకరు, పంపదని ఒకరు. సుగుణ కబురు లేదు. గుడిలో ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. ప్రతి శుక్రవారం పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. "సర్కారు మనసు కరిగించు ప్రభువా, విమానం పంపియ్యి" అని ఏసమ్మవ్వ పళ్లు లేని నోటితో అడిగేది. ఆమె మాకు బంధువు కాదు. అయినా అందరికంటే గట్టిగా అడిగేది ఆమే.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి ఉండేది. మా ఊరి ఆడవాళ్లు కువైట్ నుంచి అక్కడికే ఫోను చేసేవాళ్లు. ఒక శుక్రవారం మధ్యాహ్నం సుగుణ మాట్లాడుతుందని కబురొచ్చింది. నేనూ ఉపవాసంతోనే బస్సెక్కాను.

"మామా, నేనే. బతికే ఉండా. బస్సుల్లో ఎడారి దాటొచ్చినాం. జోర్డాన్‌లో గుడారాల్లో ఉండాం."

"ఒళ్లు బాగుండాదా?"

"బాగుండాది. మన సర్కారోళ్లు వచ్చినారు. ఊరికే విమానం ఎక్కిస్తాండారు. ఎల్లుండి నన్నూ ఎక్కమన్నారు. పాప యాడ?"

"గుడి కాడ, ఏసమ్మవ్వ దగ్గర."

"మళ్ల ఏంది? వచ్చేదా?"

గోడ వైపు తిరిగి గొంతు తగ్గించాను. అంగట్లో వాళ్లంతా నావైపే చూస్తున్నారు, కువైటాయన ఏం మాట్లాడతాడా అని. ఆమె వస్తే నేను మళ్లీ బండలెత్తే కూలీని. అదొక్కటే నా తలలో ఉంది. ఇంకేమైనా ఉందా అని ఇన్నేళ్లు వెతికాను. లేదు.

"ఆడ ఎవురింట్లోనన్నా పని దొరకదా?"

"ఒకమ్మ పిలుస్తాండాది, బిడ్డను చూసుకునేకి."

"అయితే ఉండు. ఈడికొచ్చి ఏం చేస్తావు, బండలు మోస్తావా?"

గాలి హోరు మధ్య ఆమె గొంతు సన్నగా వచ్చింది.

"పాప నన్ను మర్సిపోతాదేమో మామా."

"యాడ మర్సిపోతాది. నేనుండా కదా."

"సరేలే" అంది.

బయటికొచ్చాను. ఆకలేసింది. పక్క హోటల్లో కారం దోసె వేయించుకుని తిన్నాను. నెయ్యి మోచేతి దాకా కారింది. బాగుంది. అది కూడా రాయాలి కదా.

గుడికి వచ్చేసరికి పొద్దుగూకింది. అందరూ నా కోసమే కాచుకుని ఉన్నారు. రూతు ఏసమ్మవ్వ ఒళ్లో నిద్రపోతోంది.

"సుగుణ ఉండే కాడికి విమానం పంపలేదంట అవ్వా" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఇంకా నెయ్యి వాసన వస్తున్న చెయ్యి. "నువ్వన్నా ఏమన్నా తిను నాయనా, మొగమంతా వాడిపోయిండాది" అని, తాను ముట్టకముందే నాకు ముద్ద కలిపి పెట్టింది. తిన్నాను. ఆమెకు వాసన తగిలిందా? తగిలీ పెట్టిందా? ఆమె పోయి చాలా కాలమైంది, అడగడానికి లేదు.

సుగుణ జోర్డాన్‌లోనే పనిచేసి ఇంకో ఐదేళ్లకు వచ్చింది. రూతు అవ్వ కొంగు వెనక దాక్కుంది. అమ్మా అని పిలవడానికి చాలా రోజులు పట్టింది. గుడి ఆడవాళ్లు వచ్చి సర్కారును తిట్టేవాళ్లు. సుగుణ చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూ "పోనీలేమ్మా" అనేది. నా వైపు చూసేది కాదు. నన్ను కాపాడిందా, శిక్షించిందా? రూతు పెళ్లయి పోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలితే, పాటల పుస్తకం ముందు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. నా వేలు పట్టుకుని దిద్దించేది. ఆ చల్లటి వేళ్లు నాకు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. అప్పుడైనా తప్పయిందని చెప్పి ఉండొచ్చు. దిద్దుకుంటూ కూర్చున్నాను. ఆమె పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు మళ్లీ ఆ దేశాల వైపు యుద్ధం. ఆకాశంలో దారులు మూసేశారట. ఓడలు కదలక, మా జిల్లా లింగాల నుంచి ఆ దేశాలకు పోయే అరటిగెలలు తోటల్లోనే పండిపోతున్నాయట. ఒక దేశం తన వాళ్లను ముందే తీసుకుపోయింది, ఇంకో దేశం ఉన్నచోటే ఉండమంది. పులివెందులలో టీచరుగా ఉన్న రూతు పోయిన ఆదివారం వచ్చి టీవీ చూస్తూ కూర్చుంది. విమానం దిగినవాళ్లు బిడ్డల్ని కరుచుకుని ఏడుస్తున్నారు.

"మా అమ్మకు మాత్రం ఎవురూ పంపలేదు" అంది. "సచ్చేదాకా ఆ సర్కారును క్షమించను నాయనా."

"అవును పాపా" అన్నాను. టీ తాగుతూ అన్నాను.

ఆమె క్షమించనన్నది నన్నే. ఆమెకు తెలియదు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తుంది. నా నోరు పెగలుతుందో లేదో ఇప్పుడు చెప్పలేను. క్షమించమని అడగను. అడగాల్సినవాళ్లలో ఇద్దరు మట్టిలో ఉన్నారు, మూడో మనిషి కోపం ఇంకా ఎవరి మీదో ఉంది. గుడిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా లేచి ఏవేవో చెప్పాను, ఇది తప్ప.

విమానం వచ్చింది. అందులో సుగుణకు చోటుంది. వద్దన్నది నేను.

ఒక్క కాగితం మీదైనా, ఇన్నేళ్లకు, ఉన్నది ఉన్నట్టు ఉంది.