గాలిని కొలిచి ఇచ్చిన నర్సు

ఆదోనిలో హైస్కూలు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో నాకు తెలియని విషయం లేదనుకునేదాన్ని. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటికి ఇచ్చిన మా చెల్లెలికి ఏడో నెల దాటీ దాటకుండానే నొప్పులు వచ్చాయి. ఆదోని ఆసుపత్రికి తెచ్చిన గంటకే ఆడపిల్ల పుట్టింది, రెండు అరచేతుల్లో ఇమిడేంత.

పెద్ద నర్సు ఆక్సిజన్ పెట్టింది. బల్బు వెలుగులో రంగు సరిగా తెలియదని పాపను కిటికీ దగ్గరికి జరిపింది. పెదవులు ఎర్రబడగానే సిలిండరు మర తిప్పి తగ్గించేది. నాకు ఒళ్ళు మండింది. ఆమె భోజనానికి వెళ్ళగానే మర ఎక్కువ తిప్పాను.

తిరిగొచ్చి, గడపలోనే బుస్సుమనే చప్పుడు విని ఆగింది. గబగబా వచ్చి తగ్గించింది.

"ఎవురు తిప్పినారు?"

"నేనే. ఊపిరాడని పిల్ల దగ్గర ఈ పిసినారితనమేంది సిస్టర్?"

"ఏం సదివినావు టీచరమ్మా?"

"బీఎస్సీ, కెమిస్ట్రీ."

"ఇనుము దేనికి తుప్పు పడ్తాదో నేను సెప్పల్నా నీకు? ఆ గాలే ఇది. దాన్ని తట్టుకునే బలం కడుపులో ఆఖరి నెలల్లో వస్తాది. ఈయమ్మ అది తెచ్చుకోకుండానే ఉరికొచ్చింది. గాలి ఎక్కువైతే కండ్లు పోతాయి."

"తక్కువైతే ప్రాణం పోదా?"

"పోతాది. అందుకే గదా నేనీడ కూర్చునేది."

నేను సిలిండరు దగ్గర నుంచి పక్కకు జరిగాను.

చెల్లెలి అత్త ముర్రుపాలు పారబోయమంటే నర్సు ఆమెనూ వదల్లేదు. "ఆ బలం కొంత ఈ పాలల్లో ఉంటాదమ్మా," అని పిండించి, చెంచాతో చుక్కచుక్కగా పట్టించింది. ఆ చదువు ఆమెకు ఎవరు చెప్పారో, ఎన్ని పసిమొహాలు చూసి నేర్చుకుందో గానీ, నా డిగ్రీ ఆమె కూర్చునే స్టూలు కాలి కింద పెట్టడానికి కూడా చాలదు.

పాప బతికింది. కళ్ళ సంగతి మాత్రం ఇప్పుడే తెలియదన్నారు. నేను తిప్పిన ఆ మర రెండు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఒక ఆదివారం ఎమ్మిగనూరులో మా చెల్లెలి భర్త మగ్గం నేస్తుంటే, పాపను ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. ఎర్ర నూలున్న నాడె పడుగు పోగుల మధ్య ఇటు నుంచి అటు పోయింది. పాప చూపు దాని వెంటే పోయింది. మళ్ళీ ఇటు వచ్చింది.

మర్నాడు బడికి పోకముందే ఆసుపత్రికి పోయి నర్సుకు చెప్పాను. ఆమె నిలబడే అడిగింది.

"రెండు కండ్లూ తిరిగినాయా?"

"రెండూ."

అప్పుడు కూర్చుంది.