చందమామలో చిల్లు

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని 'ఊపిరి మాస్టారు' అనేవారు. ఇరవై ఆరేళ్లుగా ఎక్స్‌రే గదిలో నిలబడి "ఊపిరి బిగపట్టండి... ఆఁ, ఇక వదలండి" అనడమే ఆయన పని. వెన్నెముక మొత్తం ఒక్క ఎక్స్‌రేలో పట్టకపోతే ముక్కలుగా తీసి అతకడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పిచ్చే ముదిరి చందమామ మీదికి పోయింది.

సాయంత్రం పూట డాబా ఎక్కి, టెలిస్కోపుకు కెమెరా బిగించి, చంద్రుణ్ణి యాభై నాలుగు ముక్కలుగా ఫోటో తీసేవారు. ఒక ముక్క అంచు పక్కదాని మీదికి కాస్త ఎక్కాలి. లేకపోతే కంప్యూటర్లో అతుకు కుదరదు. చంద్రుడి మీది గోతులు ముక్కకు ముక్క కలిపి, వెలుగు సమం చేసేసరికి వారం పట్టేది.

"నా మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అనేది భార్య.

"నీ మొహం ఒక్క ఫోటోలో పడుతుంది కదే!"

ఈసారి బొమ్మను తలుపంత పెద్దగా అచ్చు వేయించి గోడకు తగిలించారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"బాగుందండీ. ఇక్కడెందుకు నల్లగా వదిలేశారు?"

"ఎక్కడ?"

"ఎడమవైపు, కింద. అరచెయ్యంత."

ఆయనకు నిండు చంద్రుడే కనిపిస్తున్నాడు. "వేళాకోళం ఆడకు."

ఆమె నవ్వలేదు. ఆయన వేలు పట్టుకుని అక్కడ ఆనించింది. మొహం పక్కకు తిప్పి చూస్తే గానీ ఆ నలుపు కంటికి ఆనలేదు. ఆ చోట పడాల్సిన రెండు ముక్కలు ఆయన అసలు తీయనేలేదు.

"కంటి నరం ఎండిపోతోంది," అన్నాడు కళ్ల డాక్టరు. "చూపు పోయిన చోట నల్లగా కనిపించదు. పక్కనున్న దానితో మెదడే పూడ్చేస్తుంది. అందుకే మీకు తెలియలేదు. పోయిన చూపు ఇక రాదు."

"ఎవరితోనూ అనకండి. ఇంకా నాలుగేళ్ల ఉద్యోగం ఉంది," అంది భార్య దారిలో.

ఆయన మర్నాడు తోటి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని, మూడు నెలల ఎక్స్‌రేలు ఒక్కొక్కటీ చూపించారు. పదకొండింటిలో ఎడమ అంచు తెగిపోయింది. అందులో ఒకటి, మెట్ల మీద జారిపడిన, బట్టలు కుట్టే ఒకావిడది. భుజం చివర ఫోటోలోకి రానేలేదు. విరగలేదని చెప్పి ఆమెను పంపేశారు.

ఆయన నేరుగా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లారు. "నా చేత ఇక ఎక్స్‌రేలు తీయించకండి. వీళ్లందరినీ మళ్లీ పిలిపించండి."

పదిమందికి ఏమీ కాలేదు. ఆవిడ ఎముక మాత్రం వంకరగా అతుక్కుపోయింది.

"బాగానే ఉందన్నారు కదయ్యా?" అని అడిగిందామె.

"తప్పు నాదేనమ్మా," అన్నారు.

ఆయన్ని పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారు. టెలిస్కోపు అమ్మేశారు. వారానికోసారి ఆ బట్టలు కుట్టే ఆవిడ చేతికి వ్యాయామం చేయించుకోవడానికి వచ్చినప్పుడు, ఆయన ఆ గది బయట బల్ల మీద కూర్చుని ఉండేవారు.

"ఎంతవరకు లేస్తోందమ్మా?"

ఆవిడ ఎత్తి చూపేది. ఆ చెయ్యి కనబడాలంటే ఆయన మెడ మొత్తం తిప్పాల్సి వచ్చేది. ఎన్ని వారాలు గడిచినా అది భుజం దాటి పైకి లేవలేదు.