మళ్లీ చదివించుకున్న తల్లి

ఫిల్మ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో మార్కులు తీసేసి, పిల్లల ప్రగతిని వాక్యాల్లో రాయడం మొదలుపెట్టిన ఏడాది ఒక తల్లిని చూశాను. కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో గుంపు సన్నివేశాలకు వెళ్లేది. చదువు రాదు. కూతురు మూడో తరగతి. రిపోర్టు నాతో చదివించుకుంటూ, కాగితం కాక నా మొహం చూసేది.

“పాప ఉత్సాహంగా నేర్చుకుంటోంది,” అని చదివాను.

“మల్ల చదువుండ్రి మేడం.”

చదివాను.

“గిదే మాట పక్కింటి పిల్లకు గూడ రాసిన్రు. మా బిడ్డకు చదవొస్తదా, రాదా? గది చెప్పుండ్రి.”

కొత్త పద్ధతి ఆవిడకు అర్థం కాలేదనుకుని, విసుగ్గా వాచకం తెరిచి, తల్లి పక్కనే నిలబడ్డ పాప ముందు పెట్టాను. పాప బొమ్మ చూస్తూ కథంతా గడగడా చెప్పేసింది. ఆవిడ బొమ్మను అరచేత్తో మూసి, “ఇప్పుడు చదువు బిడ్డా,” అంది.

పాప మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ వాక్యం నేను సగం తరగతికి రాశాను. సిగ్గుతో దాన్ని కొట్టేసి, “ఇంకా చదవడం రాదు. రోజూ సాయంత్రం అరగంట నేర్పుతాను” అని రాసి వినిపించాను.

“మంచిది. నేను గూడ వచ్చి కూసుంట,” అంది.

షూటింగు లేని ప్రతి సాయంత్రం వచ్చి, పాపకు చదవడం వచ్చేదాకా గోడవారగా కూర్చుంది.