సుద్ద పుర్రెకు అంత్యక్రియలు

మనుమరాలు మొన్న ఫోన్‌లో ఒక పుర్రె బొమ్మ చూపించి, "గిదేందో చెప్పు అమ్మమ్మా, చూద్దాం" అంది. "అడాపిడే కుటుంబం. కోతులకు పాతకాలపు చుట్టాలు. కోట్ల ఏండ్ల కిందనే అంతరించినయి" అన్నాను. పిల్ల నోరు తెరిచింది. ఆ పేరు నేను సుల్తానాబాద్‌లో, మా మగ్గాల ఇంట్లో, నూలు కొట్టులో బందీగా ఉన్నప్పుడు నేర్చుకున్నాను.

పెద్దమనిషినయ్యానని నన్ను ఆ కొట్లో కూర్చోబెట్టారు. నూలంతా బయటికి తరలించినా గంజి వాసన మాత్రం నాతోనే ఉండిపోయింది. మగవాళ్ళ కంటపడకూడదు, గడప దాటకూడదు. అవతల మగ్గాలు టకటకలాడుతుంటే బడి గుర్తొచ్చి ఏడుపొచ్చేది. నన్ను మళ్ళీ బడికి పంపుతారా లేదా అన్నదొక్కటే నా బెంగ. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. నువ్వుల లడ్డూలు, ఎండుకొబ్బరి మాత్రం కుక్కి కుక్కి తినిపించేవారు.

ఆనవాయితీ ప్రకారం మేనమామ చీర, గాజులు, బెల్లం తేవాలి. కరీంనగర్‌లో సైన్సు పంతులైన మా మామ వాటితోపాటు తన బడిలోని సుద్ద పుర్రె నమూనా కూడా తెచ్చాడు. ముఖం అటు తిప్పుకుని కిటికీ ఊచల్లోంచి అందిస్తూ, "ఇది అడాపిడే కుటుంబం పుర్రె. దీని దవడ పండ్లు జూడు బిడ్డా, ఆకులు తిని బతికిందది. ఫికర్ చెయ్యకు, నీ బడి గురించి మీ బాపుతోని నేను మాట్లాడుత" అన్నాడు. అరచేతిలో ఇమిడే ఆ పుర్రెను తడుముతూ ఆ పొద్దంతా గడిపాను.

తెల్లారి అన్నం పెట్టవచ్చిన బాపమ్మ, అంటే మా బాపు తల్లి, నా ఒడిలో దాన్ని చూసి గొల్లుమంది. "అయ్యో, ఆంజనేయసామి తలకాయ!" మా దగ్గర కోతి చస్తే మనిషికి చేసినట్టే చేస్తారు. ఇక చెప్పాలా, డప్పులొచ్చాయి, పసుపు కుంకుమలొచ్చాయి. ఇంకా ఊళ్ళోనే ఉన్న మామ "అది సుద్ద, అత్తమ్మా" అని మొత్తుకున్నా వినేదెవరు? చివరికి మా బాపుతో బేరం పెట్టాడు. "పాతిపెట్టుండ్రి బావా, నేనడ్డం రాను. గని పొల్లను బడికి తోలాలె."

"తోల్త" అన్నాడు బాపు.

పెరట్లో గుంట తీసి, కర్పూరం వెలిగించి, దాన్ని ఘనంగా సాగనంపారు. ఊచల్లోంచి చూస్తూ నవ్వాపుకోలేకపోయాను. బడికి పోతున్నానుగా మరి! ఆ సాయంత్రమే బాపమ్మ తీర్పు చెప్పింది. "మైలల సామిని ముట్టింది. గీ పొల్ల ఇగ బడికని గడప దాటితే ఇంటికి అరిష్టం." బాపు మామ ముఖం చూడలేక మగ్గం గుంటలోకి దిగాడు. బడి సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆయన మీద ఆ కోపం నాకు ఈనాటికీ పోలేదు.

కోట్ల ఏళ్ళు రాతిలో చిక్కుకున్న ఆ అసలు జంతువును కూడా ఎవరో ఒకరు వచ్చి తవ్వి తీశారు. కాలం ఎంత ఆలస్యంగానైనా అందరినీ విడిపిస్తుందేమో. కాని దానికున్నన్ని ఏళ్ళు నాకెక్కడివి?