అవి గుడ్లు కావు: గూడెం మీదుగా కొల్లేటి చేల దాకా ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం నాలుగు వాక్యాల ఉత్తరం. పురుగుల శాస్త్రంలో పేరున్న ఒక పెద్దాయనకి నేను పంపిన కందిరీగల గురించి ఆయన ఇలా రాశారు: "మీరు రెండు జాతులని అనుకుంటున్నవి ఒకటే. అలాంటి చిన్న తేడాలు మామూలే. పైగా రెండు మూడు నమూనాలతో ఏదీ తేలదు. గృహిణిగా బాధ్యతల మధ్య ఇంత ఆసక్తి చూపడం అభినందనీయం." నేను ఏలూరులో ఇరవై ఏళ్లుగా జువాలజీ పాఠాలు చెబుతున్నాను. మొదటి మూడు వాక్యాలు చదివి, నిజమేనేమో, నా కళ్ళే నన్ను మోసం చేశాయేమో అని మూడు రోజులు కుమిలాను. నాలుగో వాక్యం మళ్ళీ చదివాక మాత్రం ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. రెండు మూడు నమూనాలు చాలవంటే మరిన్ని తేవాలి, అంతే.

కందిరీగ అనగానే చూరు కింద గూడు కట్టి కుట్టేదే గుర్తొస్తుంది కానీ, ఆ వర్గంలో చాలా జాతులు మనిషి జోలికే రావు. నేను చూసేవి నువ్వుగింజలో సగం ఉంటాయి. పేను మన ఒంటి మీద బతుకుతుంది కానీ మనల్ని చంపదు. పులి చంపి తింటుంది. ఈ కందిరీగలది ఆ రెండిటికీ మధ్య దారి. తల్లి వెళ్ళి గొంగళిపురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. లోపల పుట్టిన పిల్ల ప్రాణాధారమైన భాగాలు ముట్టుకోకుండా మిగతాది తింటూ పెరుగుతుంది. పురుగు మేస్తూనే ఉంటుంది. ఒకరోజు దాని చర్మం చీల్చుకుని పిల్ల బయటికొచ్చి, పక్కనే తెల్లటి పట్టుగూడు అల్లుకుంటుంది. అప్పుడు పురుగు చస్తుంది. వీటిలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి, ఇక్న్యూమోనిడ్‌లు, బ్రాకోనిడ్‌లు. ముందు రెక్కలో ఒక అడ్డ ఈనె ఉందా లేదా అన్నదే చాలావరకు వాటి మధ్య గీత. నావి ఆ ఈనె లేని బ్రాకోనిడ్‌లు. వరి ఆకుముడత పురుగు మీద కొన్ని ఒంటి గూడు కడతాయి, కొన్ని పదీ పదిహేను గూళ్ళు గుత్తిగా కడతాయి. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. అవి వేర్వేరు జాతులని నేనంటాను, కాదని పెద్దాయన అంటారు.

శనివారం సెలవు పెట్టి, ఏలూరు స్టేషన్‌లో ఉదయం ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను. తాడేపల్లిగూడానికి టిక్కెట్టు పది రూపాయల లోపే, గంట ప్రయాణం. దాళ్వా వరి, అంటే రెండో పంట, పొట్ట మీదుంది. కిటికీలోంచి చూస్తే దెందులూరు దాటేవరకు ఒకటే పచ్చదనం, మధ్యమధ్య చేపల చెరువులు. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. గణపవరం రోడ్డులో కిందటేడు నేను గూళ్ళు ఏరిన చేను దాకా, రానూపోనూ ఎనభై. డ్రైవరు అబ్బులు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, నా చేతిలో గాజుసీసాలు చూశాడు.

"తేనె పట్టడానికాండీ?"

"కాదండీ, కందిరీగలకి."

"ఆయ్! చేపల కోసం వచ్చేవాళ్ళని ఎక్కించుకున్నాను, పిట్టలు చూడ్డానికొచ్చేవాళ్ళని ఎక్కించుకున్నాను. కందిరీగలకి ఆటో కట్టించుకున్నవాళ్ళు మీరేనండి. కుడితే ఆస్పత్రి చార్జీ మాత్రం వేరే!"

నవ్వుకుంటూ వెళ్ళి దిగేసరికి చేను లేదు. అక్కడ నీళ్ళున్నాయి, చేపల చెరువు. గట్టు మీద కాపలా ఉన్నాయన నేనొచ్చిన పని విని, "తవ్వి మూడు నెలలైందండి. ఇప్పుడు బొచ్చెలు, శీలావతులు. పురుగుల్లేవు, పండగ చేసుకోండి" అన్నాడు. పండగేమీ అనిపించలేదు. నా గుత్తి గూళ్ళన్నీ ఆ ఒక్క చోటే దొరికాయి. తిరిగి గూడెం వస్తుంటే పెద్దాయన గెలిచినట్టే అనిపించింది. సందేహించడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు, అయినా ఆ రోజెందుకో వెనక్కి తిరగాలంటే ఒళ్ళు మండింది. ఏలూరు బస్సెక్కాను కానీ ఏలూరు దాకా వెళ్ళలేదు. భీమడోలు దాటాక గుండుగొలనులో దిగి, ఆగడాల లంక వైపు మరో ఆటో పట్టాను. కొల్లేరు దగ్గరపడుతుండగా రోడ్డు పక్క చేలో ఇద్దరు ఆడవాళ్ళు వంగి ఆకులు కోసి బేసిన్‌లో వేస్తున్నారు. బేసిన్‌లో తెల్లగా, దూదిపింజల్లా ఏవో కనబడ్డాయి. ఆటో ఆపించాను. అప్పుడు టైము పది నలభై.

"ఏవండీ, ఆ ఆకులెందుకు కోస్తున్నారు?"

పెద్దావిడ నడుం ఎత్తింది. పేరు మరియమ్మ. ఎకరన్నర కౌలుకి చేస్తుందట. "గుడ్లండీ, పురుగు గుడ్లు. ఇయ్యి పొదిగితే చేనంతా పోద్ది. ఏరి తగలెట్టేసి, ఆనక మందు కొడతాం."

గట్టు మీద ఆవిడ మరిది ఏసోబు మందు పంపు నింపుతున్నాడు. రెండో ఆవిడ అతని భార్య.

"గుడ్లని ఎవరు చెప్పారండీ?"

"మందుల కొట్టాయన. మొన్న ఆకు కవర్లో ఏసి పట్టికెళ్ళాం. చూసి సీసా ఇచ్చాడు."

ఇక్కడ చేనుకి జబ్బు చేస్తే వైద్యం జరిగేది అలాగే. రోగం తగిలిన ఆకు కోసి, ప్లాస్టిక్ కవర్లో ముడేసి, సైకిల్‌కి తగిలించుకుని కొట్టుకి వెళ్తారు. బేరాల మధ్య కొట్టాయన కవరు విప్పకుండానే వెలుతురుకి ఎత్తి చూస్తాడు, అరలోంచి సీసా తీస్తాడు. అందరికీ అదే నమ్మకం.

"అవి గుడ్లు కావండీ. మీ పురుగుని చంపినవాటి గూళ్ళు. మందు కొడితే ముందు చచ్చేవి అవే."

"మేడమ్‌గారూ, గాలి లేచేలోపు కొట్టాలండి. పాఠం తర్వాత చెబుదురుగాని" అన్నాడు ఏసోబు, పంపు భుజానికెత్తుకుంటూ.

"ఆగండి!" అన్నాను. స్టాఫ్ మీటింగుల్లో పెగలని నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

మరియమ్మ చెయ్యెత్తి మరిదిని ఆపి, నన్ను కిందికీ పైకీ చూసింది. "ఎప్పుడైనా చేను చేశారాండీ?"

"లేదండీ."

"మరి?"

ఆ "మరి" సబబైనదే. పోతే పోయేది నా మాట, ఆవిడదైతే ఏడాది తిండి. సూదితో ఒక గూడు చీల్చి, భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. "కాళ్ళాడతన్నాయండోయ్!" అంది.

"పురుక్కి మాత్రం కాళ్ళుండవా?" అన్నాడు ఏసోబు. అదీ నిజమే.

అప్పుడు తట్టింది. "మొన్న కొట్టుకి పట్టికెళ్ళిన కవరేదండీ?"

అది ఇంకా అతని సైకిల్ హ్యాండిల్‌కే వేలాడుతోంది. ముడి విప్పకుండా ఎండకి ఎత్తి పట్టాం. లోపల ఆకు వాడిపోయింది. గూళ్ళ చివర్లు గుండ్రంగా, డబ్బా మూతల్లా తెరుచుకున్నాయి. కవరు గోడల మీద నల్లటి రెక్కల పురుగులు, కొన్ని చచ్చి, కొన్ని పాకుతూ. గొంగళిపురుగు మాత్రం ఒక్కటీ లేదు, ఆకుని అంటుకుని ఎండిన తోలు తప్ప.

మరియమ్మ చాలాసేపు చూసింది.

"గుడ్డులోంచి పురుగు రావాలి గానీ, రెక్కలతో ఎగిరేది ఎట్టా వస్తదిరా ఏసోబూ?" అంది చివరికి.

"దోమలు దూరాయేమో వదినా."

"ముడేసింది నువ్వే కదా!"

అతని భార్య కిసుక్కున నవ్వింది. అతను పంపు దించాడు.

నేనక్కడితో ఊరుకోవచ్చు. కానీ అద్దం పెట్టి చూస్తే నల్లవాటి మధ్య రెండు మూడు ఆకుపచ్చగా మెరుస్తున్నవి కనబడ్డాయి. అవి మన కందిరీగ పిల్లల మీదే గుడ్డు పెట్టి బతికే మరో రకం. "అన్నీ మంచియ్యేనాండీ?" అని మరియమ్మ అడగనే అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పురుగుని తినేదాన్ని తినేది ఇంకోటా! అచ్చం మా పంచాయతీ లాగుందండి" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "చేను రెండు చెక్కలుగా ఉందండి. పై చెక్కకి కొట్టాయన మాట. కింద చెక్కకి మీ మాట. పోయిందనుకోండి, ఏలూరొచ్చి మీ గుమ్మంలో కూచుంటాను. అడ్రసు రాసివ్వండి."

రాసిచ్చాను. బేసిన్‌లో కోసి వేసినవాటిలో నాకు కావలసినవి తీసుకున్నాక, మిగతా ఆకుల్ని అందరం కలిసి కింద చెక్కలో మొక్కల మొదళ్ళలో పెట్టాం. చేలో ఆకుల మడతలు విప్పి ఒంటి గూళ్ళు కూడా వెతికి తీసుకున్నాను. మధ్యాహ్నం వాళ్ళింట్లో చిన్న చేపల పులుసుతో అన్నం పెట్టారు. మూడింటికి గుండుగొలనులో బస్సెక్కి, నాలుగు కాకముందే ఏలూరు చేరాను.

మూడు వారాలకి ఏసోబు సెల్‌లోంచి మరియమ్మ ఫోను చేసింది. "రెండు చెక్కలూ ఒక్కలాగే ఉన్నాయండి. పై చెక్కకి కొట్టిన మందు దండగ." ఈ ఒక్క ఏడు, ఒక్క చేను చూసి ఇది ఎక్కడైనా నిజమని నేననను. ఆకుపచ్చవి ఎక్కువైతే ఏమయ్యేదో నాకు తెలీదు. కానీ నా సీసాల్లోంచి వచ్చినవాటిని ఒక్కొక్కటే చూశాను. ఒంటి గూటివాటికి వెనక కాళ్ళ తొడలు నలుపు, గుత్తివాటికి పసుపు, ఒక్కటీ తప్పలేదు. గూళ్ళతో సహా రెండు రకాలూ పెద్దాయనకి మళ్ళీ పంపాను. ఆయన మళ్ళీ ఒకటే అనొచ్చు. అంటే మళ్ళీ వెళ్ళి తెస్తాను. ప్రతి నమూనా కింద చిన్న చీటీ ఉంటుంది, ఊరు, పురుగు, మొక్క, సేకరించినవారి పేరు. ఆ చివరి గీత మీద నా పేరు రాయబోయి ఆగాను. గుత్తి గూళ్ళన్నిటికీ "మరియమ్మ, కౌలు రైతు" అని రాశాను. పేర్లు పెట్టే హక్కు ఎవరిదో నాకు తెలీదు కానీ, చూసినవాళ్ళ పేరు చెరిపే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇటువైపు చేలకి వచ్చేవాళ్ళకి ఒకటే సలహా: ఆకు మీద తెల్లటి గుత్తి కనబడితే చేను వాళ్ళని అడిగి, సగమే తెచ్చుకోండి. మిగతా సగానికి అక్కడ పనుంది.