అమ్మవారి పేరులో ఒత్తు

ఈమధ్య అచ్చయిన ఒక ప్రత్యేక సంచికలో, కశ్మీరులో మా ఊరి అమ్మవారి నీటిబుగ్గ దగ్గర పోష్‌కుజ్ అనే ముసలావిడ స్తోత్రం అందుకోగానే నీళ్లు గులాబిరంగుకు తిరిగాయని రాశారు. నేనక్కడే ఉన్నాను. నీళ్ల రంగు మారలేదు. ఆనాటి అష్టమికి పంచిన ఆహ్వానపత్రం, ఆలయ సంఘం తీర్మానం నకలు నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. రాసినాయన ఒక్కటీ అడగలేదు. జరిగినది అంతకంటె పెద్దది. దాన్ని పక్కకు నెట్టి కట్టుకథను మహిమగా చలామణీ చేయడం నేను సహించలేను.

పోష్‌కుజ్‌కు అక్షరం రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు పక్కన కూర్చోబెట్టుకుని, చెవితో పట్టుకోమని భవానీ అమ్మవారి వేయి నామాలు నేర్పాడు. కొన్నేళ్లకు భర్త విషజ్వరంతో మంచం పట్టాడు. ఆ జ్వరం పొడవునా ఆమె మంచం పక్కన కూర్చుని నామాలు చెబుతూనే ఉంది. అతను దక్కలేదు. తరువాత ఆమె రాట్నం ముందు కూర్చుంది. పష్మీనా నూలు వడికినంతసేపూ పెదవుల మీద నామాలు ఆగేవి కావు. మామగారు పోయాక, ప్రతి శుక్లాష్టమి తెల్లవారుజామున బుగ్గ గట్టున ఆమె ముందు పలకడం, ఊరంతా వెనుక పలకడం దానంతటదే అలవాటైంది.

ఆ పలకడంలో రాగం లేదు, ప్రదర్శన లేదు. మొదట కొన్ని నామాల వరకు మనిషి గొంతే వినిపించేది. ఆపైన ఎక్కడో, ఏ నామం దగ్గరో ఎవరూ గుర్తించలేని చోట, పలికేది మనం కాదేమో, మన నోటిగుండా ఏదో నడిచిపోతున్నదేమో అనిపించేది. నాస్తికుడైన మా తపాలా మాస్టరు కూడా ఆ ఘడియకు టోపీ తీసి చేతిలో పట్టుకునేవాడు.

కశ్మీరీ నోటికి భ, ధ, ఘ లాంటి ఒత్తులు తిరగవు. మా ఇళ్లలో ధర్మం దర్మమే, ఘంట గంటే. భవానిని బవాని అనే పిలిచాం. మా తాతలూ అలాగే పిలిచారు. ఆమె అభ్యంతరం చెప్పినట్లు ఎక్కడా రాసి లేదు.

అభ్యంతరం చెప్పినవాడు శ్రీకంఠ్. మా ఊళ్లోనే పుట్టి, కాశీలో వ్యాకరణం చదివి వచ్చాడు. ఒక అష్టమినాడు పారాయణ ముగిశాక, అందరి ఎదుటా అడిగాడు.

"కాకనీ, మీరు ఇంతసేపూ పిలిచింది ఎవర్ని?"

పెద్దావిడ ఎవరినైనా మేము కాకనీ అనే అంటాం. పోష్‌కుజ్ నవ్వింది. "ఇదేం ప్రశ్నరా నాయనా? బవానీని."

"అదే నేననేది. భవుడంటే శివుడు, ఆయన ఇల్లాలు భవాని. బవ అంటే పంచాంగంలో ఒక కరణం, సగం తిథికి పేరు. ఇన్నేళ్లుగా మీరు పంచాంగానికి పాలు పోస్తున్నారు!"

కొందరు నవ్వారు. అతను అరచేయి నోటికి ఎదురుగా పెట్టుకుని చూపించాడు. "భ. చేతికి వెచ్చగా తగలాలి. దాన్ని మహాప్రాణం అంటారు. మీ పిలుపులో ఆ ప్రాణమే లేదు. ఇక చేరేదెక్కడికి?"

పోష్‌కుజ్ మరిది కోడలు రూపావతి ఊరుకోలేదు. "కాశీలో గంగ తాగేసరికి అమ్మ పాలు అరిగిపోయాయా శ్రీకంఠూ? పెద్దామెతో అలాగేనా మాట్లాడేది?"

"నేను కాదమ్మా, శాస్త్రం మాట్లాడుతోంది."

శాస్త్రం అతని పక్షానే ఉంది. ఆ మాట నేను కాదనను. ఆ శాస్త్రాన్ని ఒక ముసలామె గొంతు మీద పెట్టి నొక్కడమే నాకు మింగుడుపడలేదు. సంఘంవారు మాత్రం తల ఊపి, ఇకపై ఉచ్చారణ తెలిసినవారే ముందు పలకాలని తీర్మానించారు.

మర్నాడు పోష్‌కుజ్ మా ఇంటికి వచ్చింది. ఇచ్చిన కహ్వా టీ ముట్టలేదు.

"మీరు పుస్తకాలు చదివినవారు మహరా," అంది. మా వాడుకలో మహరా అంటే అయ్యా అని. "నిజం చెప్పండి. ఆయన జ్వరంతో కాలిపోతున్నప్పుడు ఆ పేరే పట్టుకుని పిలిచాను. ఆమె రాలేదు. ఒత్తు లేకనా? నా నోరు సరిగ్గా ఉండుంటే ఆయన బతికేవాడా?"

నేను గ్రంథాలు తీశాను, భక్తికి ఉచ్చారణ అడ్డు కాదన్న మాటలు చదివి వినిపించాను. ఆమె మర్యాదగా విని, తలపై కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

నలభై రోజుల చిల్లై కలాన్ చలి ముదిరింది. ఆమె కాంగడీ కుంపటిని ఒడిలో పెట్టుకుని, నిప్పుల మీది బూడిదకు నోరు దగ్గరగా చేర్చి "బ... బ..." అని సాధన చేసేది. ఒత్తు పలికితే బూడిద లేవాలి. లేచేది కాదు.

"చాల్లే కాకనీ, నీ సాధనకు నిప్పులే జాలిపడి ఆరిపోతున్నాయి," అని రూపావతి నవ్వించబోయింది. పోష్‌కుజ్ నవ్వలేదు. నామాలూ మానేసింది. రాట్నం ఉత్తినే తిరిగేది. అమ్మవారికి పాలు తెచ్చే రహమాన్ గూర్ ఒకరోజు గుమ్మంలో నిలబడి, "నీ గొంతు వినక మా ఆవు చేపడం లేదు పండితానీ, నాకు నష్టపరిహారం ఎవరిస్తారు?" అన్నాడు. ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది.

మాఘ శుక్లాష్టమి వచ్చింది. సన్నగా మంచు రాలుతోంది. చలికాలంలో మా బుగ్గ నీరు వెచ్చగా ఉండి, పైన ఆవిరి కదులుతూ ఉంటుంది. శ్రీకంఠ్ ముందు కూర్చుని చేతిరాత పుస్తకం తెరిచాడు. పోష్‌కుజ్ గట్టు మీదికి రాలేదు. ప్రహరీ అవతల, మోడువారిన చినార్ చెట్టు మొదట్లో కూర్చుంది.

అతని పలుకు నిర్దుష్టం. ప్రతి ఒత్తుకూ నోటిముందు తెల్లని ఆవిరి చిమ్మింది. వెనుక పలకవలసినవాళ్లు మాత్రం ప్రతి అక్షరానికీ తడబడ్డారు. తప్పు పలకడం కంటె ఊరుకోవడం నయమనుకుని ఒక్కొక్క గొంతూ అణిగిపోయింది. చివరికి అతనొక్కడే మిగిలాడు. మంచు పుటల మీద పడి సిరా అలుక్కుపోతోంది. ఆపకూడదు గనుక పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, జ్ఞాపకం నుంచి అందుకున్నాడు.

ఆ జ్ఞాపకం కాశీది కాదు. అదే గట్టు మీద తల్లి ఒడిలో కూర్చుని విన్నది. వేగం పెరిగింది. ఒత్తులు ఒక్కొక్కటే జారిపోయాయి. "బవానీ" అన్నాడు. అన్నట్లు అతనికి తెలియదు. ఎవరూ నవ్వలేదు.

ప్రహరీ అవతలినుంచి పోష్‌కుజ్ గొంతు లేచింది. ఆ తరువాత అందరివీ. అప్పుడు మొదలైనదాన్ని చెప్పగల మాట నేను చదివిన వేటిలోనూ దొరకలేదు. నోళ్లనుంచి లేచిన ఆవిరి బుగ్గమీది ఆవిరిలో కలిసింది. ఏది మనుషుల ఊపిరో, ఏది నీటి ఊపిరో తెలియలేదు. కాళ్లకింద రాయి సన్నగా అదిరినట్లుంది. నా ఎదుట ఎవరో నిలిచి వింటున్నారని, ఆ వినడానికి హద్దు లేదని నాకు స్పష్టంగా తెలిసింది. తల ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది.

పారాయణ ముగిసింది. శ్రీకంఠ్ కళ్లు తెరిచాడు.

"నేనెలా పలికాను?"

"మీ అమ్మలాగా," అంది రూపావతి మెల్లగా.

అతను లేచి, ప్రహరీ దాటి వెళ్లి, పోష్‌కుజ్ ముందు మంచులో కూలబడ్డాడు. "ఆమె వింది కాకనీ. నేను అలా పలుకుతున్నప్పుడే వింది. ఇంతవరకు నాకెప్పుడూ అలా తెలియలేదు."

పోష్‌కుజ్ అతని చేయి పట్టుకుని లేచి, ప్రహరీ లోపలికి వచ్చి, గట్టు దిగి, పాలచెంబు అందుకుంది.

"అయితే అప్పుడూ వింది," అంది. "నా పిలుపంతా విని కూడా ఆయన్ని తీసుకుపోయింది."

రెండు చేతులా చెంబు ఎత్తి, తల వంచి, పాలు బుగ్గలోకి వంచింది.